ఒక్క విద్యార్థిని, ముప్ఫయి ఒక్క కమిటీలు

వెర్రి వేయి విధాలంటారు. రేగులపాడు కాలేజీ కరస్పాండెంటు కోటగిరి గోపాలరాజు గారికి పట్టింది వెయ్యిన్నొకటోది. ఆయన బెంగుళూరులో మూడు రోజుల సదస్సుకని వెళ్లి, మూడో రోజు భోజనాలైనా కాకముందే జ్ఞానోదయం పొంది తిరిగొచ్చి, తాతగారి పేరు మీద అరవయ్యేళ్లుగా నడుస్తున్న మామూలు డిగ్రీ కాలేజీని 'లిబరల్ ఆర్ట్స్ కళాశాల'గా మార్చేశారు. మార్చడమంటే గేటు మీద బోర్డు మార్చారు. లోపల అవే గదులు, అదే కారే కప్పు, అవే కుంటి బల్లలు. ఇల్లలకగానే పండగ కాదని ప్రిన్సిపాలు డాక్టర్ మంథా నరసింగరావు గారు అనబోయారు గానీ, తన సర్వీసు పొడిగింపు కాగితం రాజుగారి బల్ల మీదే ఉందన్న సంగతి గుర్తొచ్చి, "అద్భుతం సార్" అన్నారు.

సదస్సులో విన్నవాటిలో రాజుగారికి బాగా నచ్చింది 'భాగస్వామ్య పాలన'. కాలేజీని నడపడంలో విద్యార్థికి భాగం ఉండాలట. వినడానికి ఎంత బాగుందో! ఆ బాగున్న మాటను ప్రిన్సిపాలుగారు తన భాషలోకి దించి నోటీసు బోర్డుకు అంటించారు.

"ఇకమీదట కళాశాలయందు ప్రతి నిర్ణయమూ కమిటీ ద్వారానే జరగవలెను. ప్రతి కమిటీయందును ఒక విద్యార్థి ప్రతినిధి ఉండవలెను. పాలన గురించి చదువువారు రాజనీతి శాస్త్ర విద్యార్థులే గనుక సదరు ప్రతినిధి ఆ శాఖవారే అయి ఉండవలెను. సదరు శాఖ అధ్యాపకులు సభ్య కార్యదర్శిగా వ్యవహరించవలెను. విద్యార్థి ప్రతినిధి హాజరు, సంతకము లేని తీర్మానము చెల్లనేరదు."

ఈ నోటీసు పడేనాటికి రాజనీతి శాస్త్రంలో ఆఖరి ఏడాది విద్యార్థులు అయిదుగురు. కింది తరగతుల్లో రెండేళ్లుగా చేరినవాళ్లే లేరు. దసరా సెలవులయ్యేసరికి ఆ అయిదుగురిలో ఒకడికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరు బీకాం కంప్యూటర్స్‌కు మారిపోయారు. నాలుగోవాడు పెట్రోలు బంకులో చేరి, అక్కడైతే చేసే పనేమిటో తెలుస్తోందన్నాడు. మిగిలింది మజ్జి పైడితల్లి.

పైడితల్లి ఈ చదువులోకి దారి తప్పి రాలేదు, కోరి వచ్చింది. ఆమె తల్లి ఎర్నమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే కార్మికురాలు. పైడితల్లి తొమ్మిదో తరగతిలో ఉండగా రేషన్ కార్డు జాబితాలో ఎర్నమ్మ చనిపోయినట్టు రాశారు. బతికున్న ఎర్నమ్మ, బతికున్న కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ పద్నాలుగు నెలలు తిరిగితే గానీ కాగితం మీద ఆమెకు ప్రాణం రాలేదు. వెళ్లిన ప్రతిచోటా "ప్రొసీజరమ్మా" అన్నారు. ఈ ప్రొసీజరన్నది ఎవరు పుట్టిస్తారు, ఎందుకు పుట్టిస్తారు అన్నది తెలుసుకుని తీరాలని ఆ పిల్ల పంతం. డిగ్రీ అయ్యాక యూనివర్సిటీలో ఎంఏ చెయ్యాలనీ, ఆ తర్వాత ఎర్నమ్మలాంటి వాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టాలనీ ఆమె ఆశ. ఆ ఆశకు అడ్డంగా ఇప్పుడు ముప్ఫయి ఒక్క కమిటీలు వచ్చి కూర్చున్నాయి.

ముప్ఫయి ఒక్కటీ ఏమేమిటని అడక్కండి, వాటి పేర్లన్నీ రాజుగారికే రావు. ర్యాగింగ్ నిరోధక కమిటీ ఉంది. అందులో పైడితల్లిని ర్యాగింగ్ చెయ్యడానికి పైవాళ్లు లేరు, ఆమె చెయ్యడానికి కిందివాళ్లు లేరు. హాస్టల్ కమిటీ ఉంది, హాస్టల్ లేదు. పూర్వ విద్యార్థుల కమిటీలో ఆమె రాబోయే పూర్వ విద్యార్థిని హోదాలో సభ్యురాలు. కమిటీలు మరీ ఎక్కువయ్యాయని రాజుగారికే ఒకనాడు అనుమానం వచ్చి కమిటీల తగ్గింపు కమిటీ వేశారు. అది రెండు సమావేశాలు జరిపి, పని భారం దృష్ట్యా తనను రెండు ఉపకమిటీలుగా చీల్చాలని తీర్మానించింది. పైడితల్లి సంతకం పెట్టింది.

సమావేశాలన్నీ ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా. మధ్యాహ్నం రాజుగారు పడుకుంటారు. పైడితల్లి క్లాసులు కూడా తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకానే. పాఠం చెప్పవలసిన గేదెల సింహాచలం మాస్టారు సభ్య కార్యదర్శి కాబట్టి ఆయనా సమావేశంలోనే. అంటే చదువు చెప్పేవాడూ, చదువుకునేదీ రోజూ ఒకే బల్ల దగ్గర పక్కపక్క కుర్చీల్లో మూడేసి గంటలు కూర్చుంటారు. చదువు ఒక్కటే ఉండదు.

మొదట్లో పైడితల్లి తెలివి ఉపయోగించింది. పచ్చదనం కమిటీలో మామిడి మొక్కా, వేప మొక్కా అన్న చర్చ రెండో వారంలోకి అడుగుపెట్టినప్పుడు, ఒళ్లో పుస్తకం పెట్టుకుని మాస్టారి వైపు వంగి, "సార్, రెండు సభలుంటే రెండో సభ ఏటి సేస్తాది సార్?" అని గొంతు తగ్గించి అడిగింది.

మాస్టారి మొహం వికసించింది. పాఠం అడిగిన పిల్లను చూసి ఎన్నాళ్లయిందో! "మంచి ప్రశ్న. మొదటి సభ తొందరపడితే..." అంటూ మొదలుపెట్టారు.

"సభ్య కార్యదర్శిగారూ!" అన్నారు ప్రిన్సిపాలుగారు. "సదరు అంశము నేటి ఎజెండాయందు లేదు. సభామర్యాద దృష్ట్యా ఉపసంహరించుకోవలసిందిగా కోరడమైనది."

మాస్టారు ఉపసంహరించుకున్నారు. రెండో సభ ఏం చేస్తుందో ఆ రోజుకు తేలలేదు. మామిడో వేపో కూడా తేలలేదు.

ఇక హాజరు సంగతి. కాలేజీలో హాజరు వేలిముద్రతో. మాస్టార్లకు మెషీను ఆఫీసు గది ముందు ఉంటుంది. పొద్దున్న ఒకసారి వేలు పెడితే ఆ రోజు పీరియడ్లన్నీ ఆయన తీసుకున్నట్టే లెక్క. విద్యార్థుల మెషీను క్లాసు గది గుమ్మం దగ్గర, వెనక మేడ మీద. పీరియడ్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వేలు పెట్టాలి. పెట్టకపోతే ఏబ్సెంట్. పైడితల్లి ఒకరోజు సమావేశం మధ్యలో లేచి మెట్లెక్కి పరిగెత్తి వేలు పెట్టి వచ్చింది. తిరిగొచ్చేసరికి ప్రిన్సిపాలుగారు మినిట్స్ పుస్తకంలో 'విద్యార్థి ప్రతినిధి వాకౌట్ చేసిరి' అని రాయించేశారు. రాజుగారు పొంగిపోయి, "చూశారా, ఇదీ లైవ్ డెమోక్రసీ అంటే! ఈ పిల్లలో లీడర్‌షిప్ ఉందండీ" అన్నారు. రెండోసారి పరిగెత్తితే మాత్రం క్రమశిక్షణ కమిటీ నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆ కమిటీలోనూ విద్యార్థి ప్రతినిధి ఆమే గనుక, తనకిచ్చిన నోటీసు మీద తనే సంతకం పెట్టి, తనే అందుకుంది. మూడోసారి పరిగెత్తలేదు.

ఇంట్లో ఎర్నమ్మ చూసి చూసి ఒక సాయంత్రం అడిగేసింది. "ఏటే గుంటా, రోజూ మీటింగు, మీటింగు అంతావు. సదువుకోడానికి ఎల్తన్నావా, పెసిడెంటుగిరీ సేయడానికి ఎల్తన్నావా?"

"మీటింగులు నాను లేకపోతే జరగవమ్మా."

"మరి నువ్వు లేకపోతే నీ సదువు జరిగిపోతాదేటి?"

పైడితల్లికి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. తల్లి చేతులకు అంటిన జీడి నలుపు వైపు చూసి రెండూ దిగమింగింది.

ఫాల్గుణంలో పరీక్షలింకా మూడు వారాలు ఉన్నాయనగా నోటీసు బోర్డు మీద హాజరు తక్కువైనవారి జాబితా పడింది. జాబితాలో ఒక్కటే పేరు. జరిగిన పీరియడ్లు నాలుగు వందల పన్నెండు. మజ్జి పైడితల్లి హాజరైనవి ముప్ఫయి ఒకటి. ఏడున్నర శాతం. హాల్ టికెట్ నిలుపుదల చేయడమైనది.

"ఏడున్నర! ఏల్నాటి శని లెక్క సరిగ్గా సరిపోనాదమ్మా," అన్నాడు అటెండర్ నూకరాజు, జాబితాకు పిన్ను గుచ్చుతూ. అని నాలిక్కరుచుకున్నాడు. అతడికి ఆ పిల్లంటే ఇష్టమే.

పైడితల్లి సరాసరి సింహాచలం మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఖాళీ క్లాసు గదిలో కూర్చుని ఉన్నారు. బల్ల మీద ఎవరో మూడేళ్ల కిందట సుద్దతో రాసిన పేర్లున్నాయి.

"సార్, నేను ఎక్కడున్నానో మీకు తెల్దా సార్? మీ పక్కనే కదా ఉన్నాను."

మాస్టారు ఆమె మొహం వైపు చూడలేకపోయారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కాని మనిషి ఇరవయ్యెనిమిదేళ్లు మాట్లాడకుండా ఉద్యోగం చేస్తే ఎలా అవుతాడో అలా అయ్యాడు, అంతే. అసలు సంగతి చెప్పారు. "వచ్చే ఏడు గుర్తింపు బృందం వస్తుందమ్మా. లిబరల్ ఆర్ట్స్ అనిపించుకోవాలంటే రాజనీతి శాస్త్రంలో కనీసం ఒక విద్యార్థి అయినా ఉండాలి. నువ్వు పాసైపోతే సున్నా. నువ్వు ఉండిపోతే ఒకటి."

"ఉండిపోతే నాకు పాఠం ఎవరు చెప్తారు సార్?"

"నేనే. కమిటీలు లేనప్పుడు." ఆ మాట ఆయనకే నచ్చలేదు కాబోలు, కిటికీ వైపు తిరిగారు. "నాకింకా పద్నాలుగు నెలలుంది రిటైరవడానికి. శాఖ మూతపడితే నన్నెక్కడ పడేస్తారో తెలియదు."

పైడితల్లికి ఒళ్లు మండిపోయింది. కాగితం మీద తల్లిని చంపినవాళ్లనైనా ఆమె క్షమించేది, వాళ్లకు ఎర్నమ్మ ఎవరో తెలియదు. ఈయనకు తనెవరో తెలుసు.

హాజరు తగ్గినవారిని క్షమించాలా వద్దా అన్నది హాజరు మినహాయింపు కమిటీ తేల్చాలి. అధ్యక్షులు రాజుగారు, ఉపాధ్యక్షులు ప్రిన్సిపాలుగారు, సభ్య కార్యదర్శి సింహాచలం మాస్టారు, విద్యార్థి ప్రతినిధి మజ్జి పైడితల్లి. ఎజెండాలో ఒకే అంశం: మజ్జి పైడితల్లి.

సమావేశం మొదలు కాగానే ప్రిన్సిపాలుగారు గొంతు సవరించుకున్నారు. "నేటి అంశము విద్యార్థి ప్రతినిధికి సంబంధించినది గనుక, నిష్పాక్షికత దృష్ట్యా వారు బయటకు వెళ్లవలసిందిగా కోరడమైనది."

పైడితల్లి బయటికి వెళ్లి వరండాలో నిలబడింది. రెండు నిమిషాలకు నూకరాజు వచ్చాడు. "లోనికి రమ్మంతన్నారమ్మా. నువ్వు లేకపోతే కోరం లేదంట."

లోపలికి వెళ్లింది. కోరం వచ్చింది, నిష్పాక్షికత పోయింది. మళ్లీ బయటికి పంపారు. మళ్లీ పిలిచారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు ఆ తలుపు దగ్గర నాలుగు సార్లు తిరిగాక, రాజుగారు ఒక మధ్యే మార్గం కనిపెట్టారు. కుర్చీని గుమ్మంలో వేయించి, సగం లోపల, సగం బయట కూర్చోబెట్టారు. ప్రిన్సిపాలుగారు దాన్ని 'గడప హోదా' అని మినిట్స్‌లో రాయించారు.

"చూడమ్మా," అన్నారు రాజుగారు ఆప్యాయంగా, "దీన్ని డిటెన్షన్ అనుకోకు. అదొక పాత మైండ్‌సెట్. కాలేజీ నిన్ను వదులుకోలేకపోతోంది, అంత ప్రేమ. ఇంకో ఏడాది ఉంటావు. గుర్తింపు బృందం వచ్చినప్పుడు నిన్నే చూపిస్తాం. మా భాగస్వామ్య పాలనకు మొన్న రాష్ట్ర స్థాయి అవార్డు వచ్చింది కదా, దానికి కారణం ఎవరు? నువ్వే! ఆ మినిట్స్ పుస్తకాలు చూసి జడ్జిలు ఆశ్చర్యపోయారు తెలుసా?"

"వచ్చే ఏడు కూడా మీటింగులుంటాయా సార్?"

"ఉంటాయి. నలభైకి పెంచుతున్నాం."

ప్రిన్సిపాలుగారు తీర్మానం కాగితం ముందుకు జరిపారు. 'హాజరు స్వల్పముగా ఉన్నందున సదరు విద్యార్థినిని ప్రస్తుత తరగతియందే కొనసాగించుటకు సభ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.' కింద నాలుగో సంతకానికి చోటు ఖాళీగా ఉంది.

పైడితల్లి పెన్ను తీసుకోలేదు. "ముందుగా మినిట్స్ పుస్తకాలు ఒకసారి చూడాలి సార్. సభ్యురాలిని కదా, అడగొచ్చు కదా."

అడగొచ్చు. నియమావళిలో ఉంది. నూకరాజు ముప్ఫయి ఒక్క పుస్తకాలూ రెండు విడతల్లో మోసుకొచ్చాడు. పైడితల్లి గడప మీదే కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి తెరిచింది.

"నవంబరు ఏడు, తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర. హాజరైనవారు: గేదెల సింహాచలం గారు, సభ్య కార్యదర్శి. నవంబరు ఎనిమిది, అదే టైము. హాజరైనవారు: సింహాచలం గారు. తొమ్మిది, అదే టైము..." చదువుకుంటూ పోయింది. పావుగంట అయ్యాక ఆగింది. "ఇవన్నీ కలిపితే మూడు వందల ఎనభై ఒక్క పీరియడ్లు సార్. అన్నిట్లోనూ సింహాచలం సార్ ఈ గదిలోనే ఉన్నట్టు మీరందరూ సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను. సార్ ఇక్కడుంటే అక్కడ క్లాసు ఎవరు తీసుకున్నారు? జరగని క్లాసుకు నేనెలాగ ఏబ్సెంట్ అవుతాను?"

రాజుగారు ప్రిన్సిపాలుగారి వైపు చూశారు.

"సాంకేతికముగా," అన్నారు ప్రిన్సిపాలుగారు, "వేలిముద్ర నమోదైనది గనుక తరగతి జరిగినట్టే భావించవలెను."

"భావించడం వద్దు సార్. సార్‌ని అడగండి. జరిగిందో లేదో."

అందరూ సింహాచలం మాస్టారి వైపు తిరిగారు. ప్రిన్సిపాలుగారి గొంతు మెత్తబడింది. మెత్తబడ్డప్పుడే ఆయనతో ప్రమాదం. "ఆలోచించి చెప్పండి మాస్టారూ. జరగలేదంటే మూడు వందల ఎనభై ఒక్క పీరియడ్లు మీరు తీసుకోనట్టే. అది మీ సర్వీసు రిజిస్టరులోకి ఎక్కించవలసి వస్తుంది. పద్నాలుగు నెలలే కదా మిగిలింది?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు. గడప మీది కుర్చీలో ఆ పిల్ల ఒళ్లో పుస్తకం ఉంది. సమావేశాల్లో దొంగచాటుగా చదివీ చదివీ దాని అంచులు నలిగిపోయాయి. తను చెప్పవలసిన పుస్తకం.

"జరగలేదండి," అన్నారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "వాటిలో నేను ఒక్కటీ తీసుకోలేదు. తీసుకున్నవి ముప్ఫయి ఒకటి. వాటన్నిటికీ ఈ అమ్మాయి వచ్చింది. నూటికి నూరు శాతం. రాసుకోండి."

ప్రిన్సిపాలుగారు మినిట్స్‌లో పొరపాటు ఉండవచ్చునని, కావలిస్తే మినిట్స్‌నే సవరించవచ్చునని మొదలుపెట్టారు. అప్పుడు మండింది రాజుగారికి. "ఏమిటండీ సవరించేది? మినిట్స్ తప్పయితే నా అవార్డు తప్పా? దండేసి హాల్లో పెట్టిన షీల్డు దొంగదా? మినిట్స్‌లో అక్షరం కదిలితే ఊరుకోను!"

అలా రాజుగారి షీల్డు పైడితల్లిని కాపాడింది. హాల్ టికెట్ ఆ సాయంత్రమే చేతికొచ్చింది. దాని వెనకే మాస్టారి సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో నాలుగు లైన్లు పడ్డాయి.

పరీక్షలకింకా పదకొండు రోజులు. సిలబస్ దాదాపు మొత్తం మిగిలే ఉంది. మర్నాడు పొద్దున్న ఏడు గంటలకు మాస్టారు సైకిల్ స్టాండు రేకుల కింద ఒక బెంచీ వేసుకుని కూర్చున్నారు. క్లాసు గది తాళం కావాలంటే స్థలాల వినియోగ కమిటీ తీర్మానం ఉండాలి మరి. పైడితల్లి కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. అయినా వచ్చి కూర్చుంది. ఆయన అయిదారు నెలల కిందట ఆపేసిన చోటు నుంచి ఎత్తుకున్నారు. రెండో సభ దగ్గర్నుంచి.

ఎంత బాగా చెప్పారో! పంచాయతీ దగ్గర్నుంచి పార్లమెంటు దాకా, అధికారం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో, ఒక ఎర్నమ్మను కాగితం మీద చంపడానికి ఎన్ని చేతులు కలుస్తాయో, ఏ ఒక్క చెయ్యీ చంపినట్టు ఎందుకు కనిపించదో విడమరిచి చెప్పారు. నాలుగో రోజుకు బీకాం వాళ్లు కూడా సైకిళ్లకు ఆనుకుని నిలబడి వినడం మొదలుపెట్టారు. మాస్టారు ఆ పదకొండు రోజులూ పదేళ్లు చిన్నవాడిలా తిరిగారు.

పదో రోజున మెమో వచ్చింది. 'కమిటీ ముందస్తు అనుమతి లేకుండా, వాహనముల నిమిత్తము కేటాయించిన స్థలమునందు బోధనకు పాల్పడినందున మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపవలెను.' విచారణ పద్నాలుగో తేదీ, తొమ్మిదిన్నరకు. పైడితల్లి మొదటి పరీక్ష కూడా పద్నాలుగో తేదీ, తొమ్మిదిన్నరకే, ఊరికి ఆ చివర ప్రభుత్వ కాలేజీలో.

ఆ రోజు తొమ్మిది దాటాక ఆమె పరీక్ష గేటు దగ్గర ఉండగా నూకరాజు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "అమ్మా, ప్రిన్సిపాల్‌గారు మీటింగుకి రమ్మంతన్నారు. మాస్టారి మీద ఎంక్వైరీ. నువ్వొచ్చి సంతకం ఎట్టీసి, ఆలీసంగానైనా పరీచ్చకి ఎల్లిపోవచ్చంట. నువ్వు రాకపోతే కోరం లేదంట."

"కోరం లేకపోతే ఏటవుతాది బాబాయ్?"

"వాయిదా ఏస్తారు."

"ఎప్పుటిదాకా?"

నూకరాజు తల గోక్కున్నాడు. "రాజనీతిలో మళ్లీ ఎవులైనా సేరినదాకా కాబోలు."

పైడితల్లి ఒక్క క్షణం ఆలోచించింది. మాస్టారి రిటైర్మెంటుకు మిగిలిన పద్నాలుగు నెలల్లో ఆ శాఖలో ఎవరూ చేరరని ఆమెకు తెలుసు. ఆ సంగతి అవతల విచారణ గది బయట బల్ల మీద కూర్చున్న మనిషికీ తెలిసే ఉంటుంది. హాల్ టికెట్ మడత విప్పి చేత్తో పట్టుకుంది.

"నా పేరు కాడ ఏబ్సెంట్ ఎట్టీమను బాబాయ్," అని లోపలికి నడిచింది.

ఆ ఏడాది మజ్జి పైడితల్లి పేరు పక్కన పడ్డ ఏబ్సెంట్లు మూడు వందల ఎనభై రెండు. వాటిలో ఆమె కోరి వేయించుకున్నది అదొక్కటే.